గుబ్బ ఎటు, గుంట ఎటు: ఒక వెన్నుపూస చెప్పేది, చెప్పలేనిది

మా మేనమామది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. సంక్రాంతికి ముందు ఒకరోజు పొద్దున్నే తువ్వాలులో ఏదో మూటగట్టుకుని తిరుపతిలో మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగమంటే తర్వాత అని మూట విప్పి టీపాయ్ మీద పెట్టాడు. గుప్పెడంత ఎముక. మట్టిరంగులో ఉంది. ఒక పక్క గుబ్బ, ఇంకో పక్క గుంట, పైన బొటనవేలు దూరేంత రంధ్రం. స్వర్ణముఖి గట్టు తెగిన చోట ఇసుకలో దొరికిందట.

"నెట్‌లో చూసినా నాయనా. ఒక పక్క గుబ్బ, ఒక పక్క గుంట ఉంటే డైనోసార్ వెన్నుపూస అంట. అవునా, కాదా? అది చెప్పు ముందు."

ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదివిన పాపానికి నాకు ఇట్లాంటి మూటలు అప్పుడప్పుడూ వస్తుంటాయి. చాలావరకు రాళ్ళే. నిజంగా ఎముక రావడం అరుదు. అందుకే మామను కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడాను. ఆ రోజు చెప్పినవి, చెప్పడానికి టైము చాలనివి ఇక్కడ రాస్తున్నాను.

మామ చదివింది తప్పు కాదు, సగం మాత్రమే. గుబ్బా గుంటా డైనోసార్లకు ఉన్నాయి. మొసళ్ళకు, పాములకు, ఉడుములకు కూడా ఉన్నాయి. గుబ్బ ముందుందా వెనకుందా, పూస మెడదా తోకదా, పక్కల్లో ఇంకేం గుర్తులున్నాయి, అన్నిటికంటే ముందు అది ఏ నేలలోంచి వచ్చింది, ఇవన్నీ కూడితేనే పూసకు ఒక పేరు వస్తుంది. చాలాసార్లు అన్నీ కూడినా పేరు రాదు. 'ఏదో నీటి సరీసృపం, తోక భాగం' అనే దగ్గర ఆగిపోవాలి. అక్కడ ఆగలేకే పెద్దపెద్దవాళ్ళు బోల్తా పడ్డారు. వాళ్ళ సంగతీ వస్తుంది.

ముందు నేల సంగతి

ఎవరు ఏ ఎముక తెచ్చినా నేను మొదట అడిగేది ఎక్కడ దొరికిందని. ఆకారం తర్వాత చూడొచ్చు. రాతి వయసు తెలిస్తే సగం జవాబులు వాటంతటవే కొట్టుకుపోతాయి.

తిరుమల ఘాట్ రోడ్డునే తీసుకోండి. అక్కడ 'ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ' అని జాతీయ భూగర్భ స్మారకం ఒకటి ఉంది. దర్శనం టైము మీదనే ధ్యాస కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. కింద ఉన్నది గ్రానైటు, 250 కోట్ల ఏళ్ళకు పైబడిన ఆర్కియన్ కాలపు రాయి. దాని మీద కూర్చున్నది క్వార్ట్‌జైటు, ఒకప్పుడు నీళ్ళ అడుగున పేరుకున్న ఇసుక. ఈ రెంటికీ నడుమ కనిపించే ఒక్క గీతలో దాదాపు 80 కోట్ల ఏళ్ళు జారిపోయాయని లెక్క. కొండ మీది శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటే.

ఆ రాళ్ళలో వెన్నుపూస దొరకడం జరగని పని. వెన్నెముక మొలక లాంటిది ఉన్న తొలి జీవుల ఆనవాళ్ళు చైనాలో దొరికాయి. వాటి వయసు సుమారు 52 కోట్ల ఏళ్ళు. మన కొండ రాళ్ళు అంతకు రెండు మూడింతలు పాతవి. ఆ కాలంలో ప్రాణులంటే చాలావరకు సూక్ష్మజీవులే. కడప వైపు వేంపల్లె రాళ్ళలో కనిపించే స్ట్రోమటోలైట్లు అంతకంటే పాతవి. అవి సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన తెట్టెలు. అయినా కొండ మీద బండల్లో వరసగా గట్లుగట్లుగా తేలిన రాతిని ఫోటో తీసి 'ఇది రాక్షసబల్లి వెన్ను కదా' అని పంపేవాళ్ళు ఉన్నారు. అవి లోతులేని నీళ్ళలో అలలు ఇసుక మీద గీసిన గీతలు. వంద కోట్ల ఏళ్ళు దాటిన అల ఇంకా చెరిగిపోకుండా ఉండటం నాకైతే రాక్షసబల్లి కంటే పెద్ద వింత. ఈ మాట చెప్తే మాత్రం ఎవరి మొహంలోనూ సంతోషం కనపడదు.

తూర్పుకు పోతే కథ మారుతుంది. సత్యవేడు చుట్టుపక్కల గులకరాళ్ళు కలిసిన ఇసుకరాతి పొరలు తొలి క్రెటేషియస్ కాలానివి. పది కోట్ల ఏళ్ళకు పైబడినవి. అంటే డైనోసార్లు తిరిగిన కాలమే. కాకపోతే అక్కడి పొరలకు పేరు తెచ్చింది ఆకులు, కొమ్మల అచ్చులు. కాలం సరిపోయింది కాబట్టి ఎముక ఉండొచ్చు అని అనుకోవచ్చు, ఉంది అని అనకూడదు. ఈ రెంటికీ తేడా చాలా ఉంది.

ఇంకా దూరం పోదాం. తెలుగువాళ్ళకు అసలైన డైనోసార్ నేల గోదావరి లోయ. అక్కడి మలేరి పొరల్లో ట్రయాసిక్ కాలపు జంతువులు, కోట పొరల్లో దాని తర్వాతి జురాసిక్ కాలపు డైనోసార్లు దొరికాయి. ఈ రెండూ క్రెటేషియస్‌కు ముందటి కాలాలు. యామన్‌పల్లి దగ్గర దొరికిన దానికి 1988లో పి. యాదగిరి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. పిల్లలతో పోయినప్పుడు తల వైపు కాకుండా కాసేపు మెడ పూసలు, తోక పూసలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇక సముద్రపు సరీసృపాలు కావాలంటే దక్షిణానికి, తమిళనాడులో అరియలూరు, తిరుచ్చి వైపు పోవాలి. క్రెటేషియస్ కాలంలో అది సముద్రపు అడుగు. 1879లో లిడెక్కర్ అనే ఆంగ్లేయ పరిశోధకుడు ఇక్తియోసారస్ ఇండికస్ అని పేరు పెట్టింది అక్కడి వెన్నుపూసలకే.

స్వర్ణముఖి ఒండ్రుమట్టి వీటిలో దేనికీ చెందదు. అది భూమి లెక్కలో నిన్నటిది. అందులో దొరికే ఎముక పాతదైతే నంద్యాల జిల్లా (ఒకప్పటి కర్నూలు జిల్లా) బిల్లసర్గం గుహల్లో దొరికిన లాంటిది కావచ్చు. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఫుట్ ఆ గుహలను తవ్వితే ఇప్పుడు సీమలో కనపడని ఖడ్గమృగం లాంటి జంతువుల ఎముకలు బయటపడ్డాయి. కొత్తదైతే ఏ పశువుదో. మామకు ఇది చెప్పేసరికే మొహం కొంచెం చిన్నబోయింది. అయినా ఎముక తిప్పి చూడకుండా తీర్పు చెప్పడం ధర్మం కాదు కదా.

ఎముకేనా?

ఏట్లో దొర్లిన గులకరాయి, సున్నపు ముద్ద, చెట్టు మొద్దు, గుల్ల, ఇవన్నీ వెన్నుపూస వేషం కట్టగలవు. గుండ్రంగా ఉందా, నడుమ సన్నగా ఉందా అని చూస్తే మోసపోతాం. విరిగిన అంచు చూడాలి. ఎముకకు బయట దట్టమైన పెంకు, లోపల బ్రెడ్డు ముక్కలాగా చిన్నచిన్న గదులు. కోట్ల ఏళ్ళలో ఆ గదుల్లోకి ఖనిజం దిగి రాయైనా అల్లిక మాత్రం పోదు. పది రెట్లు పెద్దది చేసే చిన్న భూతద్దం చాలు. చెట్టు మొద్దు రాయైతే గదులు ఒకే దిక్కుగా, పీచులాగా సాగుతాయి.

నాలుక పరీక్ష ఒకటి ఉంది. ఎముకలోని సన్నటి రంధ్రాలు తడిని లాక్కుంటాయి కాబట్టి నాలుకకు పట్టుకుంటుంది, మామూలు గులకరాయి పట్టుకోదు. బంకమట్టి గడ్డ కూడా పట్టుకుంటుంది, కాబట్టి ఇదొక్కటే చాలదు. ఏటి గట్టున దొరికినదాన్ని నాకమని నేనెవరికీ చెప్పను. అంతకంటే పనికొచ్చేది సూది పరీక్ష. ఎర్రగా కాల్చిన సూది మొన ఒక మూలకు తాకించాలి. వెంట్రుకలు కాలిన వాసన వస్తే ఇంకా మాంసకృత్తు మిగిలిన కొత్త ఎముక. శిలాజమైతే ఆ వాసన రాదు.

సాలగ్రామం సంగతి విడిగా చెప్పాలి. తిరుపతిలో పూజగదిలో సాలగ్రామం పెట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. నేపాల్‌లో గండకీ నది తెచ్చే ఆ నల్లరాళ్ళలో కనిపించే చక్రం చాలావాటిలో అమ్మొనైటు గుల్ల. ఆక్టోపస్‌కు దూరపు చుట్టం, వెన్నెముక లేని జీవి. ఆ గుల్లలో గదులు ఉంటాయి. గదిలో నిండిన మట్టి రాయై విడిగా రాలిపడితే అచ్చం వెన్నుపూసలా కనిపిస్తుంది. స్టూడెంటుగా ఉన్నప్పుడు నేనూ ఒకదాన్ని అట్లాగే పూస అనుకుని జేబులో వేసుకున్నాను. దాని అంచు ఆకు అంచులాగా వంకీలు తిరిగి ఉందని తర్వాత చూసుకున్నాను. అట్లా వంకీలుంటే అమ్మొనైటు.

ఇది ఏదో స్టూడెంట్లు చేసే పొరపాటు కూడా కాదు. అరియలూరు వైపు కల్లమేడు పొరల్లో దొరికిన బ్రహ్మాండమైన ఎముకలకు 1980ల చివర్లో బృహత్కాయసారస్ అని పేరు పెట్టారు. నేల మీద నడిచిన అతి పెద్ద జంతువుల్లో ఒకటి కావచ్చు అన్నారు. కొందరు అసలది ఎముకే కాదు, రాయైన చెట్టు మాను అన్నారు. తెచ్చి చూద్దామంటే వస్తువే లేదు, పొడిపొడిగా రాలిపోయింది. 2022లో పాత ఫోటోలు బయటపెట్టిన తర్వాతే ఎముకే అనే మాటకు కొంత బలం వచ్చింది.

దిమ్మె, తోరణం

పూసకు మన భాషలో ఉన్న పేరే దాని పనితనం చెప్తుంది. దండలో పూసల్లాగా ఒకదాని వెనక ఒకటి. కాకపోతే ఈ దండలో ఏ రెండు పూసలూ అచ్చంగా ఒకలా ఉండవు.

కింద బరువు మోసే భాగాన్ని ఇక్కడ దిమ్మె అంటాను. దాని మీద తోరణం, శిలాతోరణం చూసినవాళ్ళకు వేరే వివరించక్కర్లేదు. ఆ తోరణం కింద నుంచే వెన్నుపాము పోతుంది. తోరణం నెత్తిన ముల్లు, పక్కలకు రెక్కలు. పక్కటెముకలు వచ్చి ఆనుకునే చోట చిన్న గుంటో బుడిపో ఉంటుంది. శిలాజాల్లో ముల్లు, రెక్కలు ముందే విరిగిపోతాయి. కొన్ని జంతువుల్లో తోరణం దిమ్మెకు అతుక్కోకుండా మృదులాస్థితో కలిసి ఉంటుంది కాబట్టి చచ్చాక అదీ ఊడిపోతుంది. చివరికి మన చేతికి వచ్చేది ఒట్టి దిమ్మె. అందుకే ఈ విద్యంతా దిమ్మె రెండు ముఖాల చుట్టూ తిరుగుతుంది.

చేపల మార్కెట్ నుంచే మొదలుపెడదాం. వంజరం ముక్క తినేటప్పుడు నడుమ వచ్చే గుండ్రటి ఎముకను పారేయకుండా కడిగి చూడండి. రెండు వైపులా గరాటులాగా లోతైన గుంటలు, నడుమ సన్నం. ఢమరుకం! ఎముకలున్న చేపలన్నిటికీ దాదాపు ఇదే నమూనా. పక్కల్లో నిలువు గాట్లు, చిన్న గుంటలు, గీతలు కూడా ఉంటాయి. తోరణం, ముల్లు సన్నగా, పుల్లల్లా ఉండి విరిగిపోతాయి.

సొరచేపది వేరే దారి. సొరపుట్టు చేసే ఇళ్ళలో తెలుసు, ఉడికించి తోలు తీసి పిసికితే గట్టి ఎముకంటూ తగలదు. ఒళ్ళంతా మృదులాస్థే. కానీ వెన్నులో మాత్రం సున్నం పట్టిన బిళ్ళలు ఉంటాయి. క్యారమ్స్ కాయిన్‌కు రెండు వైపులా గుంట చేసినట్టు ఉంటాయి. చెట్టు మొద్దులో వలయాల్లాగా వాటి ముఖం మీద కూడా ఒకదాని చుట్టూ ఒకటి ఉంగరాలు కనపడతాయి. బిళ్ళ అంచున జంటజంటగా చీలికలో రంధ్రాలో ఉంటాయి, అవి మృదులాస్థి తోరణం కూర్చున్న గూళ్ళు. ఎముక తోరణం విరిగిన మచ్చ మాత్రం ఎక్కడా ఉండదు.

ఇక్కడ అసలు తికమక. ఇక్తియోసార్ అంటే చేప ఆకారానికి మారిన సరీసృపం. దాని దిమ్మె కూడా అట్లాంటి బిళ్ళే. వెడల్పు ఎక్కువ, మందం తక్కువ, రెండు వైపులా లోతుగా గుంట. సొరచేప బిళ్ళతో పక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా పట్టుకోవాలంటే మూడు చోట్ల చూడాలి. విరిగిన అంచులో ఎముక స్పాంజి అల్లిక ఉందా? పై భాగాన తోరణం ఆనుకున్న రెండు గరుకు పట్టీలు, వాటి నడుమ వెన్నుపాము పోయిన నున్నటి దారి ఉన్నాయా? పక్కల్లో పక్కటెముక ఆనుకునే బుడిపెలు ఉన్నాయా? ఇవి ఉంటే ఇక్తియోసార్. బుడిపెలు ఒక్కో పక్క రెండుంటే ఒంటి భాగం, ఒకటే ఉంటే చాలావరకు తోక. రెండు జంతువులకూ దగ్గరి చుట్టరికం లేదు. నీళ్ళలో తోక ఆడిస్తూ బతికే పని ఒకటే కావడంతో పూస ఆకారం దగ్గరకు వచ్చింది. గుజరాత్‌లోని కచ్‌లో లోడాయి గ్రామం దగ్గర ఇంచుమించు పూర్తి ఇక్తియోసార్ దొరికిందని 2017లో ప్రకటించారు. అట్లా వెన్నంతా వరసగా దొరికితే ఈ బాధే ఉండదు. మనకు దొరికేది ఒక్క బిళ్ళ.

ప్లీసియోసార్లు అనే సముద్రపు సరీసృపాలది పొడుగు మెడ, నాలుగు తెడ్లు. వీటి దిమ్మె ముఖాలు దాదాపు చదునుగా, మహా అయితే పళ్ళెమంత లోతుగా ఉంటాయి. తిరగేసి అడుగు చూస్తే పక్కపక్కన రెండు చిన్న రంధ్రాలు, రక్తనాళాల దారులు. ముక్కు రంధ్రాల్లాగా మనల్ని చూస్తున్నట్టు ఉంటాయి. ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. నాకు అన్ని పూసల్లోకీ ఇదే ఇష్టం, ఎందుకంటే ఇంత మర్యాదగా తన పేరు తానే చెప్పే పూస ఇంకోటి లేదు.

గుబ్బా గుంటా ఉన్నవాళ్ళ దగ్గరికి వద్దాం. రుబ్బురోలు, పొత్రం గుర్తుంచుకోండి. గుంటలో గుబ్బ కూర్చుంటే వెన్ను అన్ని వైపులకూ వంగుతుంది, జారిపోదు. ఉడుము, పాము, ఇప్పటి మొసలి, వీటన్నిటికీ గుంట ముందు వైపు, గుబ్బ వెనక వైపు. క్రెటేషియస్ సముద్రాల్లో ఈదిన మోససార్లు ఉడుములకు దగ్గరి బంధువులు కాబట్టి వాటిదీ ఇదే తీరు, దిమ్మె కొంచెం పొడుగ్గా ఉంటుంది. జురాసిక్ కాలపు మొసళ్ళకు మాత్రం గుబ్బ లేదు, రెండు వైపులా కొద్దిపాటి పల్లమే. కాబట్టి 'గుబ్బ లేదు, మొసలి కాదు' అనే లెక్క పాత రాళ్ళ దగ్గర పనికిరాదు. ఇంకో తమాషా ఏమిటంటే ఇప్పటి మొసలి తోకలో మొదటి పూసకు రెండు వైపులా గుబ్బలే. అదొక్కటి విడిగా దొరికితే తల గోక్కోవాల్సిందే.

పామును పట్టించే గుర్తు దిమ్మెలో ఉండదు, తోరణంలో ఉంటుంది. తోరణం ముందు వైపు ఒక మేకు లాంటి ముక్క ముందుకు వస్తుంది, వెనక వైపు దానికి సరిపడా గాడి. పూసకు పూస ఇట్లా అదనంగా తాళం పడుతుంది. వందల పూసల వెన్ను మెలికలు తిరిగినా కీలు తప్పకుండా ఉండేది అందుకే. కొన్ని బల్లి జాతుల్లోనూ ఇది ఉంది కానీ, పొట్టి వెడల్పాటి పూస, గుండ్రటి గుబ్బ, పక్కన పక్కటెముకకు ఒకే బుడిపె, వీటితో కలిపి చూస్తే పాము అని ధైర్యంగా అనొచ్చు.

పొడుగు మెడ డైనోసార్లలో అయితే గుబ్బ దిక్కే మారిపోతుంది. మెడలో గుబ్బ ముందుకు, గుంట వెనక్కు. వాటిలోనే టైటనోసార్లు అనే గుంపుకు తోకలో అది తిరగబడి గుంట ముందుకు, గుబ్బ వెనక్కు. ఒకే జంతువు ఒంట్లో రెండు తీర్లు! మెడ పూసల పక్కల్లో లోతైన గూళ్ళు కూడా ఉంటాయి. పక్షుల్లో లాగా గాలితిత్తులు లోపలికి చొచ్చుకుపోయిన గుర్తులవి, బరువు తగ్గించడానికి.

పాలిచ్చే జంతువులవి, తిమింగలాలతో సహా, వేరే బాపతు. దిమ్మె రెండు చివర్లా నాణెం లాంటి పలక విడిగా ఏర్పడి, ఎదుగుదల పూర్తయ్యాక దిమ్మెలో కలిసిపోతుంది. కలవకముందే చనిపోతే పలక ఊడిపోయి దిమ్మె ముఖం మీద కిరణాల్లాంటి గరుకు గీతలు మిగులుతాయి. సరీసృపాల దిమ్మెకు ఇట్లాంటి విడి పలక ఉండదు. పెద్ద పూసకు చివర ఈ పలక గీత కనిపించిందంటే రాక్షసబల్లి ఆశ వదులుకుని తిమింగలం వైపో, ఏనుగు వైపో, గొడ్డు వైపో తిరగాలి.

ఒక్క పూసతో పేరు పెడితే

ఇప్పుడు బోల్తా పడ్డవాళ్ళ సంగతి. అమెరికాలోని లూసియానా, అలబామా వైపు దొరికిన భారీ పూసలను చూసి రిచర్డ్ హార్లన్ 1834లో అది సముద్రపు సరీసృపం అనుకుని బాసిలోసారస్ అని పేరు పెట్టాడు. రాజబల్లి అని అర్థం. 1839లో ఆ ఎముకలను లండన్‌లో రిచర్డ్ ఓవెన్ చూశాడు. పళ్ళకు రెండేసి వేర్లు ఉన్నాయి, ఇది పాలిచ్చే జంతువని తేల్చాడు. అది తొలినాటి తిమింగలం. కానీ ముందు పెట్టిన పేరే చెల్లుతుందనే నియమం ఉంది కాబట్టి ఆ తిమింగలం ఇప్పటికీ బల్లి పేరుతోనే తిరుగుతోంది.

వరస తప్పినా ఇదే గతి. 1860ల చివర్లో ఎడ్వర్డ్ కోప్ ఎలాస్మోసారస్ అనే ప్లీసియోసార్ అస్థిపంజరం పేర్చి, పొడుగ్గా ఉన్నది తోక అనుకుని దాని కొసన కాకుండా రెండో కొసన తల పెట్టాడు. డెబ్బైకి పైగా పూసలున్న మెడ ఉంటుందని ఆ రోజుల్లో ఊహకు కూడా అందేది కాదు. తప్పును జోసెఫ్ లీడీ బయటపెట్టాడు. జంతువుకు ఏ వైపు ముందో చెప్పడం వినేటప్పుడు చిన్న విషయమే. చేతిలో విడి పూస పెట్టుకుని చూడండి, తెలుస్తుంది.

మన దేశం కథ ఇంకా బాగుంటుంది. థగ్గులనే దారిదోపిడీగాళ్ళను పట్టిన స్లీమన్ దొరే 1828లో జబల్‌పూర్ దగ్గర కొన్ని పెద్ద ఎముకలు ఏరాడు. అందులోవి రెండు తోక పూసలు. గుంట ముందుకు, గుబ్బ వెనక్కు. ఆ రోజుకు డైనోసార్ అనే మాటే పుట్టలేదు. వాటి ఆధారంగా 1877లో లిడెక్కర్ టైటనోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. అప్పటికి ఆ గుబ్బా గుంటా తోక కొత్త వింత కాబట్టి అదే ఆ జంతువు గుర్తు అనుకున్నారు. తర్వాత అర్జెంటీనా నుంచి మడగాస్కర్ దాకా అట్లాంటి తోకలే దొరుకుతూ పోయాయి. అది ఒక జంతువు గుర్తు కాదు, ఒక పెద్ద కుటుంబం మొత్తానికి ఉన్న గుర్తు అని తేలింది. 2003లో విల్సన్, అప్‌చర్చ్ అనే పరిశోధకులు ఆ పూసలతో ఈ పేరు నిలబడదని రాశారు. కుటుంబం పేరు టైటనోసార్లు అని మిగిలింది, ఆ పేరు పెట్టించిన జంతువు మాత్రం పేరు పోగొట్టుకుంది. ఆ పూసలూ చాలాకాలం కనపడకుండా పోయి, 2012లో కోల్‌కతాలో ఒకటి మళ్ళీ బయటపడింది.

అట్లాగని పూసలను నమ్మొద్దని కాదు. కచ్‌లో పనంధ్రో లిగ్నైటు గనిలో 2005లో దొరికిన పెద్ద పూసలను మొదట మొసలివి అనుకున్నారు. మట్టి పూర్తిగా శుభ్రం చేసి చూశాక పాము తాళం కనిపించింది. 27 పూసలు, కొన్ని ఇంకా ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. పూసల్లో అన్నిటికంటే పెద్దది 11 సెంటీమీటర్ల వెడల్పు. సుమారు 4.7 కోట్ల ఏళ్ళ నాటి ఆ పాముకు ఐఐటీ రూర్కీ పరిశోధకులు దేబజిత్ దత్తా, సునీల్ బాజ్‌పాయ్ 2024లో వాసుకి ఇండికస్ అని పేరు పెట్టారు. పొడవు 11 నుంచి 15 మీటర్ల దాకా ఉండొచ్చని అంచనా. ఊరి పేరులోనే పామున్న శ్రీకాళహస్తి మనిషి కదా, మామ ఇది విని కాసేపు డైనోసార్‌ను మర్చిపోయాడు. ఆ అంచనాలో నాలుగు మీటర్ల తేడా ఉంది చూడండి, దాన్ని నేను తప్పుగా చూడను. పూసల నుంచి పొడవు లెక్కగట్టే పద్ధతులు రెండు ఉంటే, రెండూ చెప్పి మధ్యలో ఖాళీ దాచకపోవడమే నిజాయితీ. 19 ఏళ్ళు ఆగి, 27 పూసలు పెట్టుకుని వాళ్ళు అంత జాగ్రత్తగా మాట్లాడితే, ఒక్క పూసతో ఫోన్‌లో ఐదు నిమిషాల్లో మనం తేల్చేది ఏముంటుంది?

కాబట్టి ఎవరికైనా ఇట్లాంటిది దొరికితే చేయాల్సిన పని ఇది. అది రాతిలో ఇరుక్కుని ఉంటే పీకొద్దు. పీకిన మరుక్షణం దాని వయసు చెప్పే సాక్ష్యం పోతుంది. ఉన్నచోటనే పక్కన స్కేలో, పది రూపాయల కాయినో పెట్టి ఫోటోలు తీయాలి. విడిగా పడి ఉంటే పైన, కింద, ముందు, వెనక, రెండు పక్కలు, ఆరు ఫోటోలు. అడుగు భాగం ఫోటో అందరూ మర్చిపోతారు, ప్లీసియోసార్ ముక్కు రంధ్రాలు అక్కడే ఉంటాయి. ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసుకోవాలి. ఫెవిక్విక్ పూయొద్దు, బ్రష్షుతో తోమొద్దు, వార్నీష్ అసలే వద్దు. తర్వాత యూనివర్సిటీ జియాలజీ డిపార్ట్‌మెంటులోనో, జియలాజికల్ సర్వే వాళ్ళకో చూపించాలి. 'ఇది ఏంది సార్' అని కాకుండా 'ఇది ఫలానా చోట, ఫలానా పొరలో ఉంది' అని మొదలుపెడితే వాళ్ళు కూడా శ్రద్ధగా చూస్తారు.

ఇక మామ మూట. గుబ్బ ఉన్న వైపు ముందు అని తోరణం వంపు బట్టి తేలింది. గుబ్బ ముందుకు ఉంది కాబట్టి పాము, ఉడుము, మొసలి మూడూ పోయాయి. మెడ పూస, గుబ్బ ముందుకు. పొడుగు మెడ డైనోసార్ లెక్కకు ఇంతవరకు సరిపోయింది, మామ కళ్ళు మెరిశాయి. కానీ పక్కల్లో గాలి గూళ్ళు లేవు. వాటి బదులు రెండు రెక్కల మొదట్లో చెరొక రంధ్రం, ఇటు నుంచి అటు పుల్ల దూరిపోయేలా. మెదడుకు పోయే రక్తనాళం దారి అది. పాలిచ్చే జంతువుల మెడ పూసల్లో చూసే గుర్తు. ఆవు, ఎద్దు, గుర్రం లాంటి వాటికి మెడలో గుబ్బ ముందుకే ఉంటుందని మటన్ కొట్టులో పెద్ద మెడకాయ చూసినా తెలుస్తుంది. గుబ్బ మొదట్లో సన్నటి గీత తిరిగి ఉంది, పలక ఇంకా పూర్తిగా అతకలేదు. వెనక వైపు పలక ఊడిపోయి గరుకు గీతలు మిగిలాయి. మా ఆవిడ పిన్నీసు ఒకటి స్టవ్ మీద కాల్చి ఇచ్చింది. వాసన వచ్చింది.

"గొడ్డుదే మామా. ఎదుగుదల పూర్తికాలేదు. పెయ్యో, కోడెదూడో."

మామ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కాఫీ అడిగాడు.

"గాలికుంటు వచ్చిన ఏడాది ఆ గట్టునే పూడ్చినాం," అన్నాడు. "గుంత తవ్వింది నేనే."